నల్లగొండ పిల్లలకు ఎయిర్ రైఫిలా, పాయింట్ టూటూనా?

ఎన్‌సీసీ క్యాంపులు అయిపోగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, మావాడు క్యాంపుల పాయింట్ టూటూ కాల్చి వచ్చిండు. అయిదుకు అయిదు తగిలినయట. ఇగ అదే కావాలంటుండు. ఎయిర్ రైఫిల్ కొనాల్నా, .22లనే ఏయాల్నా?" మిర్యాలగూడ నుంచి ఒకరు, జడ్చర్ల నుంచి ఒకరు, అడిగేది మాత్రం ఇదే. పాయింట్ టూటూ అంటే .22 కొలత తూటా కాల్చే రైఫిల్, ఎయిర్ రైఫిల్ అంటే గాలి ఒత్తిడితో పెల్లెట్ అనే చిన్న సీసం గుండును కాల్చేది. రెండేళ్ల కింద మా బిడ్డ విషయంలో నేనూ ఇదే తేల్చుకోలేక తిరిగాను.

చాలామంది ధర దగ్గర మొదలుపెడతారు. నేను వేరే లెక్క అడుగుతాను: పిల్ల వారంలో ఎన్ని రోజులు రైఫిల్ భుజానికి ఎత్తుతుంది?

మా బిడ్డను ముందు .22లోనే పెట్టాను. ప్రతి ఆదివారం తెల్లవారుజామున బస్సెక్కేవాళ్లం. హైదరాబాద్ వంద కిలోమీటర్లు, అక్కడి నుంచి ఊరు దాటి షూటింగ్ రేంజ్‌కు వెళ్లడం ఇంకో ఎత్తు. కాల్చడానికి లేన్ దొరికేసరికి పది దాటేది. నలభై గుళ్లు కాల్చి ఇల్లు చేరేసరికి చీకటి పడేది. నాలుగు నెలలు అట్లా తిరిగాం. తను కష్టపడలేదని కాదు. ఒక ఆదివారం కుదిరిన నిలబడే తీరు వచ్చే ఆదివారానికి ఒంట్లో మిగిలేది కాదు. పోయిన వారం ఎక్కడ ఆపామో వెతుక్కోవడానికే ప్రతిసారీ మొదటి పాతిక గుళ్లు ఖర్చయ్యేవి. తిరుగు బస్సులో తను కిటికీ వైపు తిరిగి కూర్చుంటే నాకు గుండె తరుక్కుపోయేది.

ఎయిర్ రైఫిల్‌కు పది మీటర్లు చాలు, అంటే ముప్పై మూడు అడుగులు. మా ఇంట్లో వసారా నుంచి వెనక గది గోడ దాకా అంతే వచ్చింది. గోడకు పెల్లెట్లను ఆపే ఇనుప ట్రాప్, దాని వెనక మందపాటి చెక్క పెట్టాం. కాల్చేటప్పుడు వెనక గది తలుపుకు గడియ వేసి ఉంటుంది, మధ్యలో ఎవరూ నడవరు. రోజూ సాయంత్రం ముప్పావుగంట. సగం రోజులు పెల్లెట్ కూడా పెట్టదు, ఉత్త ట్రిగ్గర్ నొక్కి రైఫిల్ ముక్కు కదిలిందా లేదా చూసుకుంటుంది. ఏడు రోజుల పని ఇది. ఆదివారం ఒక్కపూట దీనికి సాటి రాదు.

ఎయిర్ రైఫిల్ తప్పును దాచదు కూడా. పోటీల్లో వాడే మ్యాచ్ రైఫిల్‌లో పెల్లెట్ సెకనుకు దాదాపు 170 మీటర్ల వేగంతో పోతుంది, .22 మ్యాచ్ తూటా 325 మీటర్ల దాకా పోతుంది. పెల్లెట్ గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి, ట్రిగ్గర్ నొక్కగానే భుజం సడలించిందంటే ఆ తప్పు టార్గెట్ కార్డు మీద కనిపిస్తుంది. ఫాలో త్రూ, అంటే గుండు వెళ్లేదాకా కదలకుండా నిలబడటం, అలవాటు కావాలంటే ఇంతకంటే మంచి గురువు లేదు.

.22ను తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. యాభై మీటర్ల దగ్గర మోకాలి మీద, పడుకుని, నిలబడి మూడు పొజిషన్లలో కాల్చడం, గాలి జెండాలు చూసి ఆగడం, ఏ లాట్ (ఒకేసారి తయారైన బ్యాచ్) తూటా ఈ గొట్టానికి కుదురుతుందో పట్టుకోవడం, ఇదంతా ఎయిర్ రైఫిల్ నేర్పదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం తెచ్చింది ఈ ఆటలోనే. మన హైదరాబాద్ గగన్ నారంగ్‌కు 2012 లండన్ కాంస్యం పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో వచ్చింది, అదే ఒలింపిక్స్‌లో ఆయన యాభై మీటర్లలోనూ పోటీ చేశాడు. రెండూ ఒకరే ఆడొచ్చు. ముందు ఏది అన్నదే మన ప్రశ్న.

చట్టం సంగతికొస్తే, గొట్టం లోపలి వెడల్పు 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్లు దాటని ఎయిర్ రైఫిల్‌కు 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. మ్యాచ్ రైఫిల్ శక్తి ఎనిమిది జౌళ్ల లోపే. .22కు లైసెన్స్ తప్పనిసరి, పైగా 21 ఏళ్లు నిండనివాళ్లు సొంతంగా పెట్టుకోకూడదు. శిక్షణలో కాల్చడం వేరే సంగతి. అంటే ఇంటర్ పిల్లకు ఇంట్లో .22 అన్న మాటే లేదు.

"సైలెన్సర్ పెడితే చప్పుడు రాదు కదా, మా బత్తాయి తోటలోనే కాల్చుకుంటాం" అని ఒకాయన అడిగాడు. ఆ ఆలోచన వెంటనే మానుకోండి. తుపాకీ చప్పుడు తగ్గించే సాధనం మన దేశంలో నిషిద్ధ ఆయుధాల జాబితాలో ఉంది, మామూలు లైసెన్స్ ఉన్నా చెల్లదు. చప్పుడు తగ్గినా తూటా దారి తగ్గదు. .22 గుండు కిలోమీటరు పైనే పోతుంది. మీ తోట అవతల పక్క తోటలో కూలీలు కాయ కోస్తుంటారు.

ఎయిర్ రైఫిల్‌తో ఇబ్బందులూ ఉన్నాయి. మంచి మ్యాచ్ రైఫిల్ ధర లక్షల్లో ఉంటుంది. రైఫిల్ సిలిండర్‌లో రెండు వందల బార్ ఒత్తిడితో గాలి నింపే చోటు ఇక్కడ నాకు దొరకలేదు, చేతి పంపుతో నింపుతాను, చేతులు పడిపోతాయి. కొన్నాళ్లు క్లబ్ రైఫిల్‌తో చూసి కొనడం మేలు. పెల్లెట్లు సీసం, కాల్చాక సబ్బుతో చేతులు కడగందే అన్నం ముట్టనివ్వకండి. పిట్టల వేటకు వాడే స్ప్రింగ్ గన్ గురించి నన్ను అడగకండి, అది ఆట కాదు, చట్టానికీ విరుద్ధం. ఎయిర్ పిస్టల్ ఇష్టమైతే అదీ పది మీటర్లే, అదీ ఇంట్లో సాగుతుంది.

రేంజ్‌కు అరగంట దూరంలో ఉండి, వారానికి నాలుగు రోజులు వెళ్లగలిగినవాళ్లు .22తో మొదలుపెట్టినా నేను వద్దనను. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఉంటే మాత్రం కనీసం రెండేళ్లు ఎయిర్ రైఫిల్ ఎత్తించండి.

మా బిడ్డ ఇప్పుడు నెలకోసారి .22 కోసం హైదరాబాద్ వెళ్తుంది. పోయిన నెల మొదటి అయిదు గుళ్లకే నిలబడే పొజిషన్ కుదిరింది. మిగిలిన టైమంతా గాలి జెండాలు చూడటానికే పెట్టుకున్నాం.