శాన్ హోసే షార్క్స్ 2024-25 సీజన్: ఓటములు చూడడానికి చందా కట్టవచ్చా?

బెంగళూరులో ఉంటూ ఒక ఐస్ హాకీ జట్టు మ్యాచ్‌లను సీజన్ పొడుగునా డబ్బు కట్టి చూసిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది. గెలుపులు చూడాలన్న కోరికతో ఈ చందా తీసుకోదలచినవారు తీసుకోకపోవడమే మంచిది. 2024-25లో శాన్ హోసే షార్క్స్ 82 మ్యాచ్‌లలో 20 మాత్రమే గెలిచి, 50 నిర్ణీత సమయంలోనే ఓడి, మరో 12 అదనపు సమయంలోనో షూటౌట్‌లోనో చేజార్చుకుని, 52 పాయింట్లతో అమెరికా, కెనడాల 32 జట్ల ఎన్‌హెచ్‌ఎల్ లీగ్‌లో అట్టడుగున నిలిచింది. అంతకు ముందు ఏడాది కూడా 47 పాయింట్లతో ఆ స్థానం దానిదే. సీజన్ మొదటి తొమ్మిది మ్యాచ్‌లలో ఒక్కటీ గెలవని జట్టును నేను ఏప్రిల్ దాకా విడిచిపెట్టకపోవడానికి కారణం అందులోని ముగ్గురు కుర్రవాళ్లు: మాక్లిన్ సెలెబ్రీని, విలియం ఎక్లుండ్, విల్ స్మిత్. వాళ్లను చూడాలంటే పూర్తి మ్యాచ్‌లు చూడాలి. అందుకు చందా తప్పదు.

సేవ పేరు ఇక్కడ రాయడం లేదు. ప్రసార హక్కులు చేతులు మారుతూ ఉంటాయి కనుక, ఎవరి దగ్గర కొన్నా గమనించవలసిన సంగతులే చెబుతాను. మొదటిది వేళలు. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో సాయంత్రం ఏడింటికి మొదలయ్యే ఆట మనకు అక్టోబరులో ఉదయం ఏడున్నరకు, నవంబరులో అక్కడి గడియారాలు వెనక్కు జరిగిన తరువాత ఎనిమిదిన్నరకు వస్తుంది. అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచే యూరప్ ఫుట్‌బాల్ అభిమానులతో పోలిస్తే ఇది భాగ్యమే. ఇరవై నిమిషాల చొప్పున మూడు పీరియడ్‌లు, మధ్యలో పద్దెనిమిదేసి నిమిషాల విరామాలు ఉంటాయి. మొదటి విరామంలో స్నానం, రెండో విరామంలో టిఫిన్ ముగించుకోవచ్చు. మూడో పీరియడ్ మాత్రం ఆఫీసులో మొదటి మీటింగ్‌తో తగాదా పడుతుంది. జట్టు న్యూయార్క్, బోస్టన్ వైపు వెళ్లినప్పుడు ఆట మనకు తెల్లవారుజామున ఐదున్నరకే మొదలవుతుంది. ఆ పర్యటనలు నాకు ఎన్నడూ నచ్చలేదు. జట్టుకూ అంతగా కలిసివచ్చినట్లు లేదు.

మన ఊళ్లలో హాకీ అంటే పచ్చిక మీద ఆడేదే కనుక ఒక మాట చెప్పాలి. ఇక్కడ గోలీ (గోల్‌కీపర్) కాక మంచు మీద ఐదుగురే ఉంటారు. ఒక్కొక్కరు ముప్పావు నిమిషం సేపు ఒళ్లు దాచుకోకుండా ఆడి, ఆట నడుస్తుండగానే బెంచీ మీదికి వచ్చేస్తారు. దాన్ని షిఫ్ట్ అంటారు. కుర్ర ఆటగాణ్ణి అంచనా వేయాలంటే షిఫ్ట్ వెంట షిఫ్ట్ చూడాలి. ఉచితంగా దొరికే ముఖ్యాంశాలలో గోల్స్ ఉంటాయి, గోలీ ఆపిన బంగారంలాంటి షాట్లు ఉంటాయి, షిఫ్ట్‌లు ఉండవు.

ఈ జట్టు ఇలా అయిపోవడం యాదృచ్ఛికం కాదు. 2016లో లీగ్ విజేతను తేల్చే స్టాన్లీ కప్ ఫైనల్ దాకా, 2019లో పశ్చిమ విభాగపు ఫైనల్ దాకా వెళ్లిన జట్టు, ఆ తరువాత వయసు మీద పడ్డ తారలతో, బరువైన ఒప్పందాలతో కుంగిపోయింది. 2022లో జనరల్ మేనేజర్‌గా వచ్చిన మైక్ గ్రియర్ టీమో మైయర్‌ను, ఎరిక్ కార్ల్‌సన్‌ను, టోమాస్ హెర్టల్‌ను వరుసగా ఇతర జట్లకు ఇచ్చి, బదులుగా కుర్రవాళ్లను, భవిష్యత్తులో కుర్రవాళ్లను ఎంచుకునే హక్కులను తెచ్చుకున్నాడు. కింద నిలిచిన జట్టుకు కొత్తవారి ఎంపికలో ముందు వరుస దొరికే అవకాశం ఎక్కువ. కనుక ఓటమి కూడా ఒక రకం పెట్టుబడి అవుతుంది. ఈ పద్ధతి ఆటకు మంచిది కాదని నా అభిప్రాయం. కానీ నియమం రాసినది షార్క్స్ కాదు. 2023 నవంబరులో వాంకూవర్ చేతిలో 10-1, ఆ వెంటనే పిట్స్‌బర్గ్ చేతిలో 10-2 తేడాలతో ఓడిన దశలో నేను ముఖ్యాంశాలు చూడడం కూడా మానేశాను. శాన్ హోసే పక్కనున్న సన్నీవేల్‌లో ఉండే మా బావ మాత్రం అప్పుడే సీజన్ టికెట్ల ధరలు ఆరా తీశాడు. "చవగ్గా ఉన్నప్పుడే కొనాలిరా, రేపు వీళ్లు ఆడడం మొదలుపెడితే మనల్ని గుమ్మంలోకి కూడా రానివ్వరు" అని ఫోన్‌లో అన్నాడు. ఆ తరువాతి జూన్‌లో మాక్లిన్ సెలెబ్రీనిని మొదటి ఎంపికగా తీసుకున్నారు.

సెలెబ్రీని పుట్టినది 2006 జూన్‌లో, కెనడాలోని నార్త్ వాంకూవర్‌లో. తండ్రి రిక్ సెలెబ్రీని శాన్ హోసే ప్రాంతపు బాస్కెట్‌బాల్ జట్టు గోల్డెన్ స్టేట్ వారియర్స్‌లో క్రీడావైద్య విభాగానికి పెద్ద. బహుశా అందుకే కాబోలు, ఈ అబ్బాయి పద్దెనిమిదేళ్లకే తన ఒంటిని పనిముట్టులా వాడుకోవడం తెలిసినవాడిలా కనిపిస్తాడు. అతని మొదటి మ్యాచ్ మనకు మహర్నవమి ఉదయం వచ్చింది. సెలవు కావడంతో ఇంట్లో ఆయుధపూజ ఒక పక్క, టీవీ మరో పక్క నడిచాయి. తొలి పీరియడ్‌లోనే గోల్ కొట్టాడు, మరో గోల్‌కు సాయపడ్డాడు. జట్టు మాత్రం చేతిలో ఉన్న ఆధిక్యాన్ని జారవిడిచి సెయింట్ లూయిస్ చేతిలో అదనపు సమయంలో 5-4తో ఓడింది. ఆ వెంటనే తుంటి గాయంతో అతను పన్నెండు మ్యాచ్‌లు కూర్చోవలసి వచ్చింది. అయినా 70 మ్యాచ్‌లలో 25 గోల్స్, 38 సహాయాలు, మొత్తం 63 పాయింట్లతో సీజన్ ముగించి, ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతికి తుది ముగ్గురిలో నిలిచాడు. బహుమతి మాంట్రియల్ డిఫెన్స్‌మన్ లేన్ హట్సన్‌కు దక్కింది.

ఈ అంకెలు ఎక్కడైనా దొరుకుతాయి. పూర్తి మ్యాచ్‌లో మాత్రమే కనిపించేది సెలెబ్రీని వెనక్కు వచ్చే తీరు. ఎదుటి జట్టు పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) లాక్కుని దాడికి కదిలినప్పుడు, ముందువరుస కుర్రవాళ్లు చాలామంది ఒక వంపు తీసుకుని, నింపాదిగా, వెనక ఉన్నవాళ్లు చూసుకుంటారులే అన్నట్లు వస్తారు. ఇతను ఆగిన చోటే మడమ తిప్పి, నాలుగు బలమైన అడుగులు వేసి, తనను దాటిపోయినవాడి వెన్నంటి వెళ్లి, వాడి స్టిక్ కిందికి తన స్టిక్‌ను జొనిపి ఒక్క అంగుళం పైకి లేపుతాడు. పక్ ఆ అంగుళం సందులోంచి సొంతదారు లేకుండా జారుతుంది. మరుక్షణం అది అతని దగ్గర ఉంటుంది, ఆట మళ్లీ అవతలి దిక్కుకు తిరుగుతుంది. ఇందులో గోల్ ఉండదు, ముఖ్యాంశం ఉండదు, పాయింటు ఉండదు. కామెంటేటర్ రాండీ హాన్ గొంతు మాత్రం రవ్వంత పెరుగుతుంది. ఇటువంటివి మ్యాచ్‌కు రెండు మూడైనా చూడడం నాకు అలవాటైపోయింది. సుమారు ఇరవై నిమిషాలు మంచు మీద గడిపే ఆటగాడు, అదీ ఓడిపోతున్న జట్టులో, మూడో పీరియడ్‌లోనూ ఈ పని మానకపోవడమే అతనిపై నా నమ్మకానికి ఆధారం.

ఏప్రిల్‌లో మిన్నెసోటాలో ఆడిన మ్యాచ్ ఈ సీజన్ మొత్తానికి నమూనా. సెలెబ్రీని తన మొదటి హ్యాట్రిక్ సాధించాడు. షార్క్స్ ఏడు గోల్స్ కొట్టింది. అదనపు సమయంలో 8-7తో ఓడిపోయింది. చందాలో ఏదైనా ఒక మ్యాచ్ తిరిగి చూడదలిస్తే దీన్ని సూచిస్తాను. ముందువరుస ఎంత ఎదిగిందో, వెనుకవరుస ఎంత వెనుకబడిందో రెండున్నర గంటలలో తెలిసిపోతుంది.

అందరూ సెలెబ్రీని గురించే మాట్లాడుతుంటే విలియం ఎక్లుండ్ పక్కకు జరిగిపోతున్నాడు. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది. 2021లో ఏడో ఎంపికగా వచ్చిన ఈ స్వీడన్ ఆటగాడు పెద్ద ఒడ్డూపొడవూ ఉన్నవాడు కాదు. గోడ అంచున తనకంటే బరువైన డిఫెన్స్‌మన్ మీదికి వస్తున్నప్పుడు వీపు అతని వైపు తిప్పి, రెండు పాదాలను చెరో దిక్కుకు విప్పి అర్ధచంద్రాకారంలో జారుతూ, పక్‌ను వాడికి అందనంత దూరంలో, తనకు మాత్రం సరిగ్గా అందేంత దగ్గరలో ఉంచుకుంటాడు. ఆ రెండు మూడు సెకన్లలో తోటివాళ్లు ఖాళీ చోటు వెతుక్కుంటారు. అతని 58 పాయింట్లలో 41 సహాయాలు కావడం అందుకే. అతను ఇంకా ఎక్కువగా షాట్ కొట్టాలన్నది నా ఒకే ఒక ఫిర్యాదు. ఎదురుగా వల సగం తెరిచి ఉన్నా పాస్ కోసం చూసే అలవాటు పవర్ ప్లేలో, అంటే ఎదుటి జట్టులో ఒకరు శిక్షపై బయట కూర్చున్నప్పుడు, మరీ విసిగించింది.

విల్ స్మిత్ సంగతి వేరు. బోస్టన్ కాలేజీలో ఒక్క సీజన్‌లో 71 పాయింట్లతో కాలేజీ ఆటగాళ్లందరిలో ముందు నిలిచి వచ్చిన ఈ కుర్రవాడు శరత్కాలంలో మనుషుల మధ్య దారి దొరకని బాలుడిలా కనిపించాడు. పక్ అందగానే మీద పడే డిఫెన్స్‌మన్, కాలేజీలో దొరికినంత తీరిక ఇక్కడ ఇవ్వలేదు. కోచ్ ర్యాన్ వార్సోఫ్‌స్కీ అతన్ని కొన్ని మ్యాచ్‌లకు పక్కన కూర్చోబెట్టి వ్యాయామశాలకు పంపాడు. డబ్బు కట్టి చూస్తున్నవాడిగా అప్పట్లో నాకు కోపం వచ్చిన మాట నిజమే. కానీ ఆ పథకం ఫలించింది. కొత్త సంవత్సరం వచ్చాక, మధ్యస్థానం నుంచి అంచుకు మార్చి సెలెబ్రీని పక్కన ఆడించినప్పుడు, స్మిత్ చేతుల్లోని నేర్పు బయటపడింది. ఎదుటివాడి స్టిక్ పై నుంచి పక్‌ను ఆకులా లేపి అవతల మెత్తగా దించే పాస్‌లు మొదలయ్యాయి. 74 మ్యాచ్‌లలో 18 గోల్స్, 45 పాయింట్లు. వీటిలో అధికభాగం రెండో సగానివే. రక్షణలో మాత్రం అతను ఇంకా సెలెబ్రీనికి ఆమడ దూరంలో ఉన్నాడు. తన గోల్ ముందు పక్ కోసం చూస్తూ మనిషిని వదిలేసే పొరపాటు మార్చిలోనూ కనిపించింది. ఒకే నగరంలో పరస్పరం పోటీపడే రెండు కాలేజీల నుంచి వచ్చిన వీరిద్దరూ మొదటి ఏడాది జట్టు మాజీ దిగ్గజాల ఇళ్లలో ఉన్నారు. సెలెబ్రీని జో థార్న్‌టన్ ఇంట్లో, స్మిత్ పాట్రిక్ మార్లో ఇంట్లో. గురుకుల పద్ధతి పూర్తిగా పోలేదన్నమాట.

గోలీల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. మెకెంజీ బ్లాక్‌వుడ్‌ను డిసెంబరులో కొలరాడోకు ఇచ్చేశారు. యారోస్లావ్ అస్కరోవ్ ఎక్కువ కాలం శాన్ హోసేలోని అనుబంధ జట్టు బారకూడాలో ఆడాడు. డిఫెన్స్‌లో ఈ ముగ్గురి స్థాయి కుర్రవాడు ఒక్కడూ లేడు. లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ సమర్పించుకున్న జట్టుగా మిగలడానికి అదే ప్రధాన కారణం.

తిరిగి సేవ దగ్గరకు వస్తే, చిత్రం నాణ్యతకు వంక పెట్టలేను. సాధారణ ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద పక్ స్పష్టంగా కనిపించింది. ఐస్ హాకీకి అదే అసలు పరీక్ష. మ్యాచ్ ముగిసిన కాసేపటికే పూర్తి రికార్డింగ్ వచ్చేది. భరించరానిది ఒక్కటే: యాప్ తెరవగానే మొదటి పేజీలోనే స్కోరు కనబడడం. స్కోరు దాచే మీట సెట్టింగ్స్‌లో ఉన్నా, రికార్డింగ్ బొమ్మ కింద "ఉత్కంఠభరిత పునరాగమనం" వంటి వాక్యం దర్శనమిచ్చేది. రాత్రి భోజనాల తరువాత చూద్దామని రోజంతా ఫోన్ ముట్టకుండా ఉన్నవాడికి ఇంతకంటే ద్రోహం ఉండదు. ఫిర్యాదు రాస్తే మర్యాదగా జవాబు వచ్చింది, మార్పు రాలేదు. బొమ్మ అక్కరలేనివారికి జట్టు సొంత యాప్‌లో ఆడియో కామెంటరీ ఉంది. 1991లో జట్టు పుట్టినప్పటి నుంచి వినిపిస్తున్న డాన్ రుసనోవ్‌స్కీ గొంతు అది. కె.ఆర్.పురం నుంచి మెట్రోలో వెళ్లే ఉదయాలలో మూడో పీరియడ్ నేను ఎక్కువగా అలాగే ముగించాను. కబ్బన్ పార్క్ దగ్గర రైలు భూగర్భంలోకి దిగినప్పుడు కామెంటరీ తెగిపోవడం మాత్రం తప్పలేదు. ఒకటి రెండు గోల్స్ ఆ సొరంగంలోనే పోయాయి.

మళ్లీ కడతానా అంటే, కడతాను. మొదటి ఎంపిక దక్కేందుకు 25.5 శాతం అవకాశం ఉండి కూడా లాటరీలో రెండో స్థానానికి జారిన షార్క్స్, 2025 జూన్‌లో మైకేల్ మిసాను తీసుకుంది. జూనియర్ లీగ్‌లో 65 మ్యాచ్‌లకు 134 పాయింట్లు చేసిన కుర్రవాడు. కెనడా జూనియర్ జట్టు లండన్ నైట్స్‌తో మెమోరియల్ కప్ గెలిచిన డిఫెన్స్‌మన్ సామ్ డికిన్‌సన్ కూడా జట్టులో చోటు కోసం తలుపు తట్టాడు. అతనికి తోడు నిలవడానికి డిమిత్రి ఓర్లోవ్, జాన్ క్లింగ్‌బర్గ్ వంటి అనుభవజ్ఞులను 2025 వేసవిలో తెచ్చుకున్నారు. కొత్తగా చేరేవారు ఏడాది చందా జోలికి పోకుండా నెల చందాతో మొదలుపెట్టడం మేలు. పట్టికలో శాన్ హోసేలో ఆడే మ్యాచ్‌లు ఎక్కువగా ఉన్న నెలను ఎంచుకుని, ఒక వారం పాటు సెలెబ్రీని షిఫ్ట్‌లను మాత్రమే అనుసరించి చూడండి. తూర్పు తీర పర్యటన ఉన్న నెలకు చందా ఆపేసినా నష్టం లేదు, ఆ మ్యాచ్‌లకు ఉచిత ముఖ్యాంశాలు చాలు.