అలాస్కా తీరంలో ఆరు వేసవులు: నా 100-400 జూమ్ లెన్స్

ఈ లెన్స్ కొన్నది ఎలుగుబంట్ల కోసం. ఆరు వేసవులుగా అలాస్కాలోని కాట్మై, కీనై ఫియోర్డ్స్ అనే రెండు నేషనల్ పార్కుల తీరాలకి దీన్నే మోసుకెళ్తున్నాను. కంపెనీ పేరు చెప్పడం లేదు. నేను చెప్పేది 100 నుంచి 400 మిల్లీమీటర్ల దాకా జూమ్ అయ్యే రకం గురించి (అంకె పెరిగేకొద్దీ దూరంలోది దగ్గరగా కనిపిస్తుంది), ఆ చలిలో, ఉప్పుగాలిలో అది ఎలా పనిచేసిందన్నదాని గురించి.

ముందు అందరూ అడిగే ప్రశ్న: 400 సరిపోతుందా? కాట్మైలో ఎలుగుబంటికి మనంతట మనం 50 గజాల లోపుకి వెళ్లకూడదు. అంటే సుమారు 45 మీటర్లు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి (36 మిల్లీమీటర్ల వెడల్పు సెన్సర్ ఉన్నది) 400 పెడితే, అంత దూరంలో ఫ్రేమ్ వెడల్పు దాదాపు నాలుగు మీటర్లు వస్తుంది. పక్కకి తిరిగి నిలబడ్డ పెద్ద ఎలుగు అందులో సగం నిండుతుంది. నాకు అది చాలు. ముఖం ఒక్కటే నిండుగా కావాలనుకునేవాళ్లకి మాత్రం చాలదు.

అసలు ఈ లెన్స్ విలువ నాకు తెలిసింది కాట్మై తీరంలోని హాలో బేలో. హోమర్ అనే ఊరి నుంచి చిన్న విమానంలో వెళ్లి, ఇసుక మీదే దిగాం. జూన్ నెల, ఆటు సమయం. సముద్రం వెనక్కి పోయి, బురదనేల కనుచూపు మేర బయటపడింది. ఒక తల్లి ఎలుగు, దాని వెనకాలే పిల్ల. తల్లి ముక్కు నేలకి ఆనించి నాలుగడుగులు వేస్తుంది, ఆగుతుంది, ఒక్కసారిగా రెండు చేతులా బురద తోడేస్తుంది. గుల్ల దొరగ్గానే నేలమీద పెట్టి, పాదంతో అదిమిపట్టి, గోళ్లతో చిప్ప విప్పుతుంది. అంత పెద్ద పంజా అంత నాజూకుగా పనిచేస్తుందని నేను ఊహించలేదు. పిల్ల మూతి లోపలికి పెట్టబోతే భుజంతో పక్కకి నెట్టేసింది.

400లో ఆ గోళ్లు తీశాను, బురద చుక్కలతో సహా. తర్వాత అవి గుల్లలు వెతుక్కుంటూ మావైపే రావడం మొదలెట్టాయి. గైడ్ అందర్నీ ఒకచోట కూర్చోమన్నాడు. మేం కదల్లేదు. అవి దగ్గరవుతున్న కొద్దీ నేను జూమ్ వెనక్కి తిప్పుతూ వచ్చాను: 300, 200, చివరికి 100. ఇప్పుడు ఫ్రేమ్‌లో తల్లీపిల్లా, వాటి వెనక మెరుస్తున్న తడినేల, ఇంకా వెనక మంచు కొండలు. ఆరేళ్లలో నేను తీసినవాటిలో నాకు బాగా ఇష్టమైన ఫొటో అదే. పక్కనే ఉన్నాయన దగ్గర 600 ప్రైమ్ ఉంది, అంటే జూమ్ లేనిది, ఎంతో మంచి లెన్స్. కానీ ఆ క్షణంలో ఆయన ఫ్రేమ్‌లో చెవి తప్ప ఏమీ పట్టలేదు. అప్పటినుంచి నా సెలెక్షన్‌లో 100 నుంచి 200 మధ్య తీసినవే ఎక్కువ. జంతువు ఒక్కటే కాదు, అది బతికే చోటు కూడా ఫొటోలో కనబడాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ల్యాండ్‌స్కేప్‌కి కూడా ఇది గొప్పగా పనికొచ్చింది. కీనై ఫియోర్డ్స్‌లో, సీవర్డ్ అనే ఊరి నుంచి పడవలో ఐయాలిక్ గ్లేసియర్ (హిమానీనదం) దగ్గరికి వెళ్తే, వైడ్ లెన్స్‌లో ఆ మంచుగోడ చిన్న తెల్లగీతలా ఉంటుంది. 150 దగ్గర పెట్టి, ముందు తేలే మంచుముక్కల మీద పడుకున్న సీల్స్‌ని కూడా కలిపితే దాని ఎత్తు తెలుస్తుంది. ఒక చిన్న మాట: మంచు విరిగిన చప్పుడు విని కెమెరా ఎత్తితే ఆలస్యమైనట్టే, ముక్క అప్పటికే నీళ్లలో ఉంటుంది. గోడనే చూస్తూ ఉండాలి.

పడవ మీద మాత్రం లెన్స్‌ని రెయిలింగ్‌కి ఆనించకండి, ఇంజన్ వణుకంతా ఫొటోలోకి వస్తుంది. మోకాళ్లు కాస్త వంచి, చేత్తోనే పట్టుకుంటాను. స్టెబిలైజేషన్ మన చేతి వణుకుని ఆపుతుంది గానీ, పఫిన్ అనే సముద్రపక్షి రెక్కల్ని ఆపలేదు. వాటికి షట్టర్ వేగం సెకనులో 1/2500 వంతు అయినా కావాలి. వెల్లకిలా తేలుతూ కడుపుమీద పిల్లని పెట్టుకున్న సముద్రపు నీటికుక్కకి 1/1000 చాలు.

ఇక కష్టాలు. 400 దగ్గర అపర్చర్, అంటే వెలుగు లోపలికొచ్చే రంధ్రం, 5.6 దాటి తెరుచుకోదు (అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది). ఆ తీరంలో మబ్బు, వాన మామూలే. అలాంటప్పుడు వెలుగు చాలక ఐఎస్ఓ (కెమెరా సున్నితత్వం) 3200, ఒక్కోసారి 6400 పెట్టాలి. నాయిస్, అంటే ఫొటోలో గరుకు చుక్కలు, తప్పదు. అయితే జూన్‌లో అక్కడ పగలు 18 గంటలు దాటుతుంది, కాబట్టి రాత్రి పదింటి ఏటవాలు వెలుగు దాకా ఓపిక పట్టగలిగితే ఈ లోటు చాలావరకు తీరుతుంది.

అసలు టెన్షన్ పెట్టింది తేమ. జూమ్ చేసినప్పుడల్లా లెన్స్ గొట్టం బయటికి సాగుతుంది, తడిగాలి లోపలికి లాగుతుంది. రెండో వేసవిలో లోపలి గాజుకి ఆవిరి పట్టి ఒక రోజంతా పోయింది. మూడో వేసవిలో జూమ్ రింగ్‌లో సన్నటి ఇసుక చేరి కరకరలాడింది. రిపేర్‌కిస్తే 40 రోజులు పట్టింది, ఆగస్టు సాల్మన్ సీజన్ నాకు దక్కలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అప్పటినుంచి పద్ధతి మార్చాను. చలిలోంచి వెచ్చని గదిలోకి వెళ్లేముందే లెన్స్‌ని జిప్ కవర్‌లో పెట్టి మూసేస్తాను, గది వేడికి వచ్చేదాకా తెరవను. ఉప్పునీటి తుంపర పడితే పొడిగుడ్డతో రుద్దను, మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో అద్దుతాను. వానకవర్ ఎండలో కూడా తీయను. నాలుగో వేసవి నుంచి లోపల ఆవిరి పట్టలేదు.

లెన్స్‌కీ కెమెరాకీ మధ్య 1.4 టెలికన్వర్టర్ (లెన్స్ దూరాన్ని 1.4 రెట్లు పెంచే చిన్న పరికరం) వేస్తే 560 వస్తుంది, కానీ అపర్చర్ 8కి చిన్నదవుతుంది. ఎండ ఉన్న రోజు కొండ అంచున కూర్చున్న పఫిన్లకి వాడతాను, అంతే. బురదనేల మీద దూరంగా ఉన్న ఎలుగుకి అది వేసి లాభం లేదు. ఎండకి నేల మీద గాలి అలల్లా కదిలి, ఎంత మంచి లెన్స్ పెట్టినా బొచ్చు మైనంలా వస్తుంది. అలాంటప్పుడు 100కి తిప్పి కొండల్ని కూడా కలుపుకుంటాను.