క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్: మిద్దెతోటలో ఏది మేలు?

వినాయక చవితి దాటగానే మిద్దెతోట మిత్రులు అడిగే ప్రశ్న ఇదే: ఈ చలికాలానికి ఏ నారు పోసుకోవాలి? నా ఓటు నూల్‌కోల్‌కి. ఎందుకో చెప్పాలంటే వీటి పుట్టుక దగ్గర మొదలుపెట్టాలి.

మూడూ ఒకే జాతి మొక్కలు, పేరు బ్రాసికా ఒలరేసియా. బ్రోకలీ, కేల్ కూడా అదే. వీటికి మూలమైన అడవి మొక్కలో గడ్డా లేదు, ముద్దలాంటి పువ్వూ లేదు. రైతులు తరతరాలుగా తమకు నచ్చిన మొక్క నుంచే విత్తనం కట్టుకుంటూ వచ్చారు. కొస మొగ్గలో ఆకులు దగ్గరగా ముడుచుకున్న మొక్కలను ఏరినచోట క్యాబేజీ వచ్చింది. కాండం లావెక్కినవాటిని ఏరితే నూల్‌కోల్, పూత విచ్చుకోకుండా ముద్దకట్టినవాటిని ఏరితే కాలీఫ్లవర్. ఇప్పటికీ పక్కపక్కన పూస్తే ఇవి ఒకదానితో ఒకటి సంకరమవుతాయి.

కాబట్టి మనం తినేది మొక్కలో ఏ భాగమో చూసుకుంటే చాలు, దానికి ఎంత చలి కావాలో, మనకు ఎంత ఓపిక కావాలో తెలుస్తుంది. నా దృష్టిలో తేల్చేది ఇదొక్కటే.

కాలీఫ్లవర్‌లో తినేది పూత. ఎండ తగ్గితేనే అది మొదలవుతుంది. స్నోబాల్ అనే చలి రకాలకు 10–16 డిగ్రీల చలి కావాలి. 1822లో ఇంగ్లండు నుంచి ఉత్తరప్రదేశ్‌లోని సహరాన్‌పూర్ తోటకు వచ్చిన విత్తనం కూడా చలిదేశానిదే. ఉత్తరాది రైతులు మన వేడికి తట్టుకుని పువ్వు కట్టిన మొక్కలనే విత్తనానికి ఉంచుతూ పోయారు. వందేళ్లు గడిచేసరికి 20 డిగ్రీలు దాటినా పువ్వు వేసే దేశీ రకాలు తయారయ్యాయి. పేరు తెలియని ఆ రైతుల పనితనానికి ఎంత దణ్ణం పెట్టినా తక్కువే. పూసా దీపాలి లాంటి ముందస్తు రకాలు ఆ వంశానివే.

చిక్కు కూడా అక్కడే ఉంది. ముందస్తు రకాన్ని ఆలస్యంగా నాటితే బొత్తాలంత పువ్వు వేసి ఆగిపోతుంది. చలి రకాన్ని తొందరపడి నాటితే ఆకులు మాత్రమే పెరుగుతాయి. నర్సరీలో రకం పేరు చెప్పకుండా ఇచ్చే నారుతో ఈ జూదం ఆడకండి. ప్యాకెట్ మీద రకం పేరు, విత్తే నెల ఉంటేనే కాలీఫ్లవర్ జోలికి వెళ్లండి.

క్యాబేజీకి ఇంత పట్టింపు లేదు. గోల్డెన్ ఏకర్ రకం నాటిన రెండు నెలల్లో గడ్డకడుతుంది. కుండీ పెద్దదై ఉండాలి, ఆకుల మధ్య పురుగు దూరకుండా రోజూ చూసుకోవాలి.

నూల్‌కోల్‌కి పూత రానక్కర్లేదు, ఆకు ముడుచుకోనక్కర్లేదు, కాండం ఊరితే చాలు. వైట్ వియన్నా రకం రెండు నెలల్లోపే చేతికొస్తుంది, చిన్న కుండీలోనూ పెరుగుతుంది. లేత ఆకులు పెసరపప్పులో వేసుకోవచ్చు. చిన్న బత్తాయంత కాగానే కోసేయండి, ముదిరితే పీచు పడుతుంది.

బ్రోకలీకి కాలీఫ్లవర్ గురించి చెప్పిందే వర్తిస్తుంది. బ్రస్సెల్స్ స్ప్రౌట్స్‌కి చాలాకాలం చలి కావాలి, మన మైదానాల్లో వద్దు.