సర్వే అంకెలా, ఊళ్లో మకామా?

ఇంటర్నెట్ మన బతుకులను ఎలా మారుస్తోందో తెలుసుకోవడానికి రెండు దారులు: వేలమందిని ఒకే ప్రశ్న అడగడం, లేదా కొద్దిమంది మధ్య నెలల తరబడి ఉండిపోవడం.

మొదటిదానికి ఉదాహరణ 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. 15–49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు తెలంగాణలో 26.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతమే, పురుషుల్లో 57.4, 48.8. ఇంత అగాధం ఒక్క ఊళ్లో కూర్చుంటే కనిపించదు. ప్రభుత్వాన్ని నిలదీయాలన్నా ఈ అంకెలే ఆధారం.

అయితే "వాడాను" అన్న మాట వెనక ఏముంది? వంట చేస్తూ పాటలు వినే ఇల్లాలి ఫోను లాక్ తీసే పాస్‌వర్డ్ భర్తకే తెలిసి ఉండవచ్చు. ఆయన గడపలోకి రాగానే ఆమె ఫోను బోర్లించవచ్చు. సర్వే కాగితంలో ఆమె కేవలం ఒక "అవును". ఆ బోర్లించిన ఫోను చూడాలంటే ఆ వంటింట్లో కూర్చునేంత చనువు కావాలి. యూనివర్సిటీ కాలేజ్ లండన్ ప్రాజెక్టులో 9 మంది మానవ శాస్త్రవేత్తలు జనం సోషల్ మీడియాను ఎలా వాడుతున్నారో తెలుసుకోవడానికి తలా ఒకచోట 15 నెలలు గడిపారు. అందులో ఒకటి తమిళనాడులోనిది. ఖర్చు, ఓపిక రెండూ ఎక్కువే. అయినా నా మొగ్గు దీనివైపే.

వేసవి సెలవులు మాత్రమే ఉన్న విద్యార్థి సర్వే అంకెలు ముందు పెట్టుకుని, తనకు తెలిసిన రెండు ఇళ్లతో మొదలుపెట్టవచ్చు.