దత్తత బిడ్డతో ముప్పై ఆరు రోజులు: మధురానగర్‌లోని ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్ గురించి

మేము టెక్సస్‌లో స్థిరపడిన తెలుగువాళ్లం, అమెరికా పౌరులం. రెండున్నరేళ్ల మా అమ్మాయిని దత్తత తీసుకోవడానికి వచ్చినప్పుడు హైదరాబాదులో మధురానగర్ మెట్రో స్టేషనుకు నడిచి వెళ్లగల దూరంలో ఉన్న ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్‌లో ముప్పై ఆరు రోజులు ఉన్నాము. ఆ భవనం పేరు ఇక్కడ రాయడం లేదు. చిరునామా, తేదీలు, వయసు ఒకచోట చేరితే బిడ్డ ఎవరో తెలిసిపోతుంది. అలాంటి వివరాలు బయటపెట్టకూడదని చట్టమూ చెబుతోంది, అంతకన్నా ముందు అది ఆమె సొంత విషయం. పేరు లేకపోయినా, ఇదే పని మీద వచ్చేవారు గదిలో ఏమి చూసుకోవాలో చెప్పడానికి మా అనుభవం పనికివస్తుందని రాస్తున్నాను.

హైదరాబాదులో మాకు దిగడానికి ఇల్లు లేక కాదు. అత్తయ్యగారిది కొత్తపేట, మా పిన్ని వాళ్లది కూకట్‌పల్లి. "మేమంతా ఉండగా అద్దె గదిలో దిగుతారా అమ్మా?" అని అత్తయ్య చాలా బాధపడ్డారు. అయితే శిశుగృహంలో పెరిగిన బిడ్డను చూసుకునే ఆయాలు పూటపూటకూ మారుతూ ఉంటారు కాబట్టి, చీర కట్టుకున్న ప్రతి ఆమెనూ "అమ్మా" అని పిలవడం మా అమ్మాయికి అలవాటు. మొదటి రోజు నన్నూ అలాగే పిలిచింది, గేటు దగ్గర పూలమ్మే ఆమెనూ అలాగే పిలిచింది. అన్నం పెట్టేదీ, స్నానం చేయించేదీ, రాత్రి ఉలిక్కిపడి లేస్తే ఎత్తుకునేదీ కొన్ని వారాలపాటు మీరిద్దరే అయి ఉండాలని మా సోషల్ వర్కర్ ముందే చెప్పారు. పదిమంది తిరిగే ఇంట్లో, ఎంత వద్దనుకున్నా, ప్రేమ కొద్దీ అందరూ ఎత్తుకుంటారు. ఈ సంగతి విడమరచి చెప్పాక అత్తయ్య, "సరే, పిల్ల మీకు అలవాటయ్యాకే వస్తాను" అన్నారు. అన్నమాట ప్రకారం మూడు వారాలు ఆగి వచ్చారు. మనవరాలిని చూడటానికి ఏళ్ల తరబడి ఎదురుచూసిన మనిషి ఒకే ఊళ్లో ఉండి మూడు వారాలు ఆగడం ఎంత కష్టమో నాకు తెలుసు.

బస కుదుర్చుకునేటప్పుడు మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం తిరుగు ప్రయాణపు తేదీ తెలియకపోవడం. 2021లో బాలల న్యాయ చట్టాన్ని సవరించిన తరువాత, దత్తత ఉత్తర్వు ఇచ్చే అధికారం కోర్టు నుంచి జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే కలెక్టరుకు మారింది. దరఖాస్తు వేసిన రెండు నెలల్లో ఉత్తర్వు రావాలని చట్టం గడువు పెట్టినా, అది ఫలానా రోజున వస్తుందని ఎవరూ చెప్పలేరు. దత్తతలను పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా నిరభ్యంతర పత్రం ఇచ్చాక, పూచీపత్రం రాసి ఇస్తే, ఉత్తర్వు వచ్చేలోపే బిడ్డను మన దగ్గర ఉంచుకోవచ్చు కానీ దేశం దాటకూడదు. ఉత్తర్వు తరువాత జనన ధ్రువీకరణ పత్రం, పాస్‌పోర్టు, దేశాల మధ్య దత్తతకు సంబంధించిన హేగ్ ఒప్పందం ప్రకారం కారా ఇచ్చే ధ్రువీకరణ, ఆపైన ఢిల్లీలో వీసా. అందువల్ల గది అద్దెకన్నా, రోజులు పెరిగినా తగ్గినా వారి లెక్క ఎలా ఉంటుందన్నదే ముందు అడగాలి. ఇక్కడ రోజుకు 4,000 రూపాయలు చెప్పి, నెలకు మాట్లాడుకుంటే రోజుకు 2,900కు ఒప్పుకున్నారు. నెల దాటితే అదే ధర అనీ, ముందే ఖాళీ చేస్తే మిగిలిన రోజుల డబ్బు తిరిగి ఇస్తామనీ మెయిల్‌లో రాసి ఇచ్చారు. దసరా సెలవులు మధ్యలో వచ్చి పాస్‌పోర్టు ఆలస్యమైనప్పుడు ఆ మెయిలే మమ్మల్ని కాపాడింది. ఆరు రోజులు పెరిగినా ఆ రోజు ధర మీద ఒక్క రూపాయి అదనంగా అడగలేదు.

రెండు గదులు, వంటిల్లు, బాల్కనీ ఉన్న ఇల్లు అది. అందులో మాకు అన్నిటికన్నా విలువైనది వంటిల్లు. బిడ్డకు తెలిసిన తిండి మెత్తటి పప్పన్నం, పెరుగన్నం, ఉప్మా, గుడ్డు. ఇల్లు, మనుషులు, వాసనలు అన్నీ ఒక్కసారిగా మారిపోయినప్పుడు కంచంలోని అన్నమైనా మారకుండా ఉండాలి; ఆ పని హోటల్ బఫే చేయలేదు. రెండు బర్నర్ల గ్యాస్ స్టవ్, మూడు లీటర్ల కుక్కర్, ఫ్రిజ్, నీళ్ల ఫిల్టర్ ఉన్నాయి. మిక్సీ లేదు. పింగాణీ కంచాలే ఉండటంతో ఆమె ముట్టుకోలేదు. అమీర్‌పేటలో ఒక స్టీలు పళ్లెం కొని తెచ్చిన పూటే కడుపునిండా తిన్నది. కుక్కర్ కూతకు భయపడేది కాబట్టి ఆమె పడుకున్నప్పుడే వండేవాళ్లం. నాలుగో రోజు దిండు కింద సగం ఇడ్లీ దొరికింది. మళ్లీ దొరుకుతుందో లేదోనని దాచుకుందని అర్థమయ్యాక, ఆమెకు చేయి అందే ఎత్తులో అరటిపండ్ల గిన్నె ఒకటి ఎప్పుడూ ఉంచాము. సొంత వంటిల్లు ఉన్నది కనుక అలా ఉంచగలిగాము.

నిద్ర విషయంలో మేనేజరు చేసిన సాయం మరువలేనిది. శిశుగృహంలో పిల్లలందరూ కింద వరసగా, లైటు వెలుగుతుండగా పడుకుంటారు. ఏసీ చలిలో, చీకట్లో, ఎత్తైన మంచం మీద మా అమ్మాయి మొదటి రాత్రి కన్ను మూయలేదు. పొద్దున్నే చెబితే మధ్యాహ్నానికల్లా మంచం తీయించి, పరుపు నేల మీద వేయించి, పక్కన పరచడానికి ఒక చాప, ఒక చిన్న బెడ్‌లైటు పంపించారు. ఆ రాత్రి ఆమె చాప మీదే, నా కొంగు పట్టుకుని పడుకున్నది. స్నానాల గదిలో షవర్ ఒక్కటే ఉంది. తల మీద నీళ్లు పడగానే కెవ్వుమన్నది. బకెట్, మగ్గు, చిన్న పీట అడిగితే వెంటనే ఇచ్చారు.

లోపాలు కూడా ఉన్నాయి, అవి చిన్నవి కావు. మా ఇల్లు నాలుగో అంతస్తులో ఉంది. బాల్కనీ కమ్మీల మధ్య సందు రెండేళ్ల పిల్ల తల పట్టేంత ఉంది. వల కట్టించడానికి మూడు రోజులు తీసుకున్నారు, అప్పటిదాకా ఆ తలుపుకు గడియ వేసి ఉంచాము. పిల్లలతో వచ్చేవారికి ఇల్లు ఇచ్చే చోట ఇది మేము అడిగితే జరగవలసిన పని కాదు. రెండో లోపం, శుభ్రం చేసే అబ్బాయి తలుపు తట్టి, జవాబు రాకముందే తన తాళంతో తీసుకుని లోపలికి వచ్చాడు. ముక్కూమొహం తెలియని మగమనిషి ఒక్కసారిగా గదిలోకి రావడంతో ఆమె అరగంట సేపు ఏడుపు ఆపలేదు. చెప్పాక మళ్లీ అలా జరగలేదు, రోజూ ఫోన్ చేసి మేము చెప్పిన సమయానికే వచ్చారు. సందులో తొమ్మిది రోజులూ రాత్రి పది దాకా బతుకమ్మ పాటలు మైకులో వినిపించాయి. దాన్ని లోపంగా రాయలేను, ఎందుకంటే ఆ పాటలు వినగానే ఆమె లేచి, వలయంలో తిరుగుతున్నట్టు చప్పట్లు కొడుతూ మా చుట్టూ తిరిగింది.

కాగితాల విషయం కూడా చెప్పాలి. విదేశీ పాస్‌పోర్టుతో వచ్చినవారి వివరాలను బస ఇచ్చేవారు 24 గంటల్లో ప్రభుత్వానికి తెలియజేయాలి. అది వారే చేసుకున్నారు. బిడ్డ పేరు మీద గుర్తింపు కార్డు లేదు, మా ఇంటిపేరూ ఇంకా లేదు. మేనేజరు మా ఆయనను ఆఫీసు గదిలోకి పిలిచి, నిరభ్యంతర పత్రం, పూచీపత్రం నకళ్లు చూసి, మరో ప్రశ్న వేయకుండా పంపారు. ఇది మామూలు మర్యాదేనని అప్పుడు అనుకున్నాను. తరువాత ఢిల్లీలో దిగిన హోటల్లో, బిడ్డ నా చంకలో ఉండగానే, "ఈ పాప మీ పాపేనా, అసలు తల్లిదండ్రులు ఎవరు?" అని నలుగురి ముందు అడిగారు. ఆమెకు హిందీ రాదు, కానీ వేలు తన వైపు చూపుతున్నారని అర్థమై నా భుజంలో మొహం దాచుకున్నది. ముందుగానే ఫోన్ చేసి పరిస్థితి చెప్పి, కాగితాలు పంపి ఉంటే ఆ మాట తప్పేదేమో. వెళ్లేవారు ఆ జాగ్రత్త తప్పకుండా తీసుకోవాలి.

మధురానగర్ బసకు నేను ఐదుకు నాలుగు ఇస్తాను; తగ్గించిన ఆ ఒక్కటీ బాల్కనీకే. ఢిల్లీలో వీసాకు ముందు వైద్యపరీక్ష ఉంటుంది, రెండేళ్లు దాటిన పిల్లలకు క్షయకు రక్తపరీక్ష చేసి ఫలితం వచ్చేదాకా ఆగమంటారు. మేము రెండు రోజుల పనే అనుకుని వంటిల్లు లేని గది తీసుకున్నాము, ఎనిమిది రోజులు పట్టింది. అక్కడ కూడా అమెరికా రాయబార కార్యాలయం ఉన్న చాణక్యపురికి దగ్గరలో వంట చేసుకునే వీలున్న ఇల్లే వెదుక్కోమని చెబుతాను. హైదరాబాదులో ఖాళీ చేసేటప్పుడు మేనేజరును అడిగి ఆ చాపను వెంట తెచ్చుకున్నాము. ఢిల్లీ గదిలో ఎనిమిది రాత్రులూ ఆమె దాని మీదే పడుకున్నది.