చెన్నై అలల్లో ఆరేళ్లు డిటెక్టర్ తిప్పాక నా సమీక్ష: మెషీన్ కంటే కాయిల్ సైజ్ దగ్గరే ఎక్కువ తప్పు చేశా

మాది నెల్లూరు పక్కన, పదిహేనేళ్లుగా తిరువాన్మియూర్‌లో ఉంటున్నాం. శనాదివారాలు తెల్లవారుజామున ఐదింటికి బీచ్‌కి పోయి మోకాళ్ల లోతు నుంచి ఛాతీ లోతు నీళ్ల దాకా మెటల్ డిటెక్టర్ తిప్పడం నా పిచ్చి, మా ఆవిడ దీన్ని పిచ్చి అనే అంటుంది కాబట్టి నేనూ అదే మాట వాడుతున్నా. 2019 చివర్లో మొదలుపెట్టా. ఈమధ్య ఇద్దరు ముగ్గురు "అన్నా ఏది కొనాలి, ఎంత కాయిల్ తీసుకోవాలి" అని అడిగారు (కాయిల్ అంటే డిటెక్టర్ కర్ర చివర నేల మీద తిప్పే పళ్లెం లాంటిది, లోహాన్ని పట్టేది అదే), ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక మొత్తం ఇక్కడ రాసేస్తున్నా.

ముందు నేను చేసిన మొదటి వెధవ పని చెప్తా. చవకగా దొరికిందని ఒక సింగిల్ ఫ్రీక్వెన్సీ మెషీన్ కొన్నా, పేరు అనవసరం. డబ్బా మీద వాటర్‌ప్రూఫ్ అని పెద్ద అక్షరాల్లో ఉంది. అది కాయిల్‌కి మాత్రమేనట, పైనున్న కంట్రోల్ బాక్స్‌కి కాదట, ఆ సంగతి లోపల మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఉంది. రెండో వారమే ఒక అల నడుం మీదకి లేచింది, అంతే, స్క్రీన్ మీద నాలుగు గీతలు వచ్చి చచ్చిపోయింది. కాబట్టి కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న కాయిల్ ఒక్కటే తడవొచ్చా, మెషీన్ మొత్తం మునగొచ్చా అని.

అది బతికున్న రెండు వారాలు కూడా సుఖం లేదు. పొడి ఇసుకలో బుద్ధిగా ఉండేది, తడి ఇసుకలో కాలు పెట్టగానే ఒకటే అరుపు. ఉప్పు నీళ్లు కరెంటుని బాగా మోస్తాయి, డిటెక్టర్‌కి అది కూడా ఒక లోహం లాగే కనపడుతుంది. పైగా మన తీరంలో వాన తర్వాత నల్ల ఇసుక చారలు తేలతాయి చూశారా, అందులో ఇనుము ఖనిజాలు ఉంటాయి. ఒకే ఫ్రీక్వెన్సీతో పనిచేసే మెషీన్ ఉప్పుని సర్దుకుంటే నల్ల ఇసుక దగ్గర అరుస్తుంది, దాన్ని సర్దుకుంటే ఉప్పు దగ్గర అరుస్తుంది, రెండూ ఒకేసారి దానివల్ల కాదు. మల్టీ ఫ్రీక్వెన్సీ మెషీన్లు రెండు మూడు ఫ్రీక్వెన్సీల్లో వచ్చిన సిగ్నల్స్‌ని పోల్చి ఆ రెంటినీ తీసేస్తాయి. చెరువు, ఏరు, మంచినీళ్లు అయితే సింగిల్ ఫ్రీక్వెన్సీ చాలు, గారెట్ ఏటీ ప్రో లాంటిది 3 మీటర్ల దాకా మునుగుతుంది కూడా. సముద్రానికి మాత్రం మల్టీనో, పల్స్ ఇండక్షనో (ఆగి ఆగి కరెంటు దెబ్బలు పంపి, మధ్యలో తిరిగొచ్చేది వినే రకం) తప్పదు.

అసలు నీళ్లలోకి ఎందుకు, ఇసుక మీదే చూసుకోవచ్చుగా అంటారేమో. మన దగ్గర ఆటుపోట్ల తేడా సుమారు ఒక మీటరే. కొన్ని దేశాల్లో పాటుకి సముద్రం అర కిలోమీటర్ వెనక్కి పోతుంది, జనం స్నానం చేసిన చోటంతా బయటపడుతుంది, వాళ్లు చెప్పులేసుకుని వెతుక్కుంటారు. ఇక్కడ పాటు సమయంలో కూడా ఉంగరాలు జారే చోటు, అంటే జనం చేతులు పట్టుకుని అలలకి ఎగిరే ఆ నడుం లోతు పట్టీ, నీళ్లలోనే ఉంటుంది. బయట ఇసుకలో బీరు మూతలూ చాక్లెట్ రేకులూ తప్ప పెద్దగా ఏముండదు.

తర్వాత అమెరికా నుంచి వస్తున్న మా బావమరిది చేత మైన్‌లాబ్ ఈక్వినాక్స్ 800 తెప్పించుకున్నా. 2018లో వచ్చిన మోడల్, మల్టీ ఫ్రీక్వెన్సీ, మెషీన్ మొత్తం 3 మీటర్ల దాకా మునగొచ్చు, బరువు 1.34 కిలోలు. ఇప్పటికీ నా చేతిలో ఉన్నది ఇదే. 3 మీటర్లు అంటే డైవింగ్‌కి కాదు, నిలబడి వెతకడానికి. డైవింగ్ చేసేవాళ్లకి మైన్‌లాబ్ వాళ్లదే ఎక్స్‌కాలిబర్ 2 ఉంది, గారెట్ సీ హంటర్ మార్క్ 2 ఉంది, రెండూ 60 మీటర్ల దాకా వెళ్తాయి. ఎక్స్‌కాలిబర్‌కి స్క్రీన్ ఉండదు, అంతా చెవితోనే, ఇనుము మీదకి పోతే సన్నగా వచ్చే శబ్దం ఆగిపోతుంది, మంచి లోహం అయితే టోన్ మారుతుంది, అలవాటైతే అదే హాయి అనేవాళ్లున్నారు. ఒక్క విషయం, దాని కాయిల్ విప్పి మార్చుకునేది కాదు, కొనేటప్పుడే 8 అంగుళాలా 10 అంగుళాలా తేల్చుకోవాలి.

పల్స్ ఇండక్షన్ మెషీన్ ఒకటి ఫ్రెండ్ దగ్గర తీసుకుని రెండు నెలలు వాడా. ఉప్పుని, నల్ల ఇసుకని అది లెక్కే చెయ్యదు, లోతు కూడా బాగా పోతుంది, కానీ ఏ లోహమో చెప్పదు. మేకు అయినా మెట్టె అయినా ఒకటే కూత. నేను తీసుకున్నది వినాయక చవితి అయిన నెలలో, పట్టినపాక్కంలోనూ నీలాంగరైలోనూ నిమజ్జనాలు అయ్యాక నీళ్ల అడుగున ఎన్ని మేకులూ బైండింగ్ వైరూ ఉంటాయో మీరే ఊహించుకోండి. మూడు గంటల్లో అరబకెట్ మేకులు తీసి చేతులు వాచిపోయి ఇంటికొచ్చా. చెత్త లేని శుభ్రమైన తీరం ఉంటే అది రాజే, మన సిటీ బీచ్‌లకి మాత్రం నేను తీసుకోను.

ఇక కాయిల్. మెషీన్‌తో 11 అంగుళాలది వచ్చింది. ఆరు నెలలు తిరక్కుండానే నాకు లోతు పిచ్చి పట్టి 15 బై 12 కాయిల్ కొన్నా. పెద్ద కాయిల్ అంటే ఎక్కువ లోతు, ఎక్కువ లోతు అంటే ఎక్కువ బంగారం, ఇదీ అప్పటి నా లెక్క. లెక్కలో తప్పు ఎక్కడంటే, కాయిల్ నుంచి పోయే అయస్కాంత ఫీల్డ్ దూరం పెరిగేకొద్దీ దారుణంగా పడిపోతుంది, వస్తువు నుంచి తిరిగొచ్చేది కూడా అంతే పడిపోతుంది, రెండూ కలిపితే కాయిల్‌కి కాస్త దూరం దాటాక లోతు రెట్టింపైన ప్రతిసారీ సిగ్నల్ 64వ వంతు అయిపోతుంది. అందుకే కాయిల్ నాలుగంగుళాలు పెంచితే లోతు నాలుగంగుళాలు పెరగదు. బిందె లాంటి పెద్ద వస్తువుకి పెద్ద కాయిల్ లాభమే, ఉంగరానికి వచ్చే లాభం అంగుళమో అంగుళంన్నరో, చిన్న కమ్మ లాంటిదానికైతే నష్టమే.

అదైనా పొడి ఇసుక లెక్క. నీళ్లలో కథ వేరే. బెసంట్ నగర్ అలలు తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, ఆ కాయిల్‌ని నడుం లోతు నీళ్లలో అటూ ఇటూ తిప్పడమంటే మునిగిన చాటని ఊపినట్టే, అల వచ్చినప్పుడల్లా దాన్ని లాక్కుపోతుంది, దాంతో పాటు నన్నూ. అరగంటకి భుజం పట్టేసింది. పైగా పెద్ద కాయిల్ ఎక్కువ ఉప్పు నీళ్లని కూడా చూస్తుంది కదా, గోల ఆపడానికి సెన్సిటివిటీ (ఎంత చిన్న సిగ్నల్‌కి కూయాలో చెప్పే సెట్టింగు) తగ్గించాలి, తగ్గిస్తే నేను డబ్బు పెట్టి కొన్న ఆ ఒక్క అంగుళం లోతు కూడా పాయె.

ఇంకో తలనొప్పి ఎవరూ చెప్పరు, కాయిల్ నడిమధ్యని పట్టుకోవడం. నీళ్లలో అడుగు కనపడదు, సిగ్నల్ రాగానే కాయిల్ అంచుకి పాదం ఆనించి, కాయిల్ పక్కకి తీసి, పాదం ముందు స్కూప్ (ఇసుక జారిపోయి వస్తువు మిగిలే చిల్లుల పార) దించుతాం. పెద్ద కాయిల్‌కి మధ్యనుంచి అంచు ఏడంగుళాలు, నా స్కూప్ మూతే ఆరంగుళాలు, ఎన్నిసార్లు ఖాళీ ఇసుక ఎత్తానో లెక్కలేదు, ఈలోగా ఇంకో అల వచ్చి గుంట పూడ్చేస్తుంది. చిన్న కాయిల్‌తో ఒకటి రెండు స్కూపుల్లో పైకొచ్చేస్తుంది, గంటకి ఎన్ని తీశాం అన్నదే చివరికి లెక్క.

మరి 6 అంగుళాలది? అదీ ఉంది నా దగ్గర. నీళ్లలో కత్తిలా కోసుకుపోతుంది, బరువే తెలీదు, చెత్త మధ్యలో మంచిది విడదీయడంలో దానికి సాటి లేదు. కానీ ఒక్కో ఊపుకి కవరయ్యేది జానెడు, రెండు గంటలు తిరిగినా ఒక వాలీబాల్ కోర్టు అంత కూడా అవ్వదు. అందుకే వస్తువు ఫలానా చోట పోయింది అని ఎవరైనా చూపించినప్పుడే ఆ కాయిల్ బయటికి తీస్తా. మామూలు రోజుల్లో నాది 11, నీళ్లలోనే ఎక్కువ ఉంటా అనేవాళ్లు 8 నుంచి 10 మధ్యలో దొరికే మెషీన్ తీసుకోండి, కళ్లు మూసుకుని. కాయిల్ నీళ్లలో తేలుతుందా మునుగుతుందా అనేది కూడా చూసుకోండి, తేలేదాన్ని తొక్కిపట్టడానికే సగం బలం పోతుంది. నిండు పళ్లెంలా కాకుండా మధ్యలో ఖాళీలు ఉన్న కాయిల్ నీళ్లకి తక్కువ అడ్డుపడుతుంది. కాయిల్ కవర్‌లో ఇసుక చేరితే తప్పుడు కూతలు వస్తాయి, వారానికోసారి విప్పి కడగాలి.

ఇంత చెప్పాక నా ఓటమి కూడా చెప్పాలి. మొన్నామధ్య ఒంగోలు నుంచి వచ్చిన ఒక కుటుంబం, పెద్దావిడ మెళ్లో గొలుసు అలలో తెగిపోయింది, ఎవరో నా నంబరు ఇచ్చారు. ఆవిడ కొడుకు "అంకుల్, సరిగ్గా ఇక్కడే, ఆ లైఫ్‌గార్డ్ జెండాకి ఎదురుగా" అని చూపించాడు. మూడు పొద్దులు వెతికా, 11తో రెండు పొద్దులు, 6తో ఒక పొద్దు. దొరకలేదు. సన్న గొలుసు డిటెక్టర్‌కి ఒకే వస్తువులా కనపడదు, ఒక్కో లింకూ ఒక్కో చిన్న ముక్కలా కనపడుతుంది, ఆ ముక్క ఇచ్చే సిగ్నల్ ఉప్పు నీళ్ల గోలలో కలిసిపోతుంది. అదే గుండ్రటి ఉంగరమైతే, అతుకు విడనంత వరకూ, మోగిపోతుంది. ఆ మాట చెప్తే పెద్దావిడ "పోన్లే నాయనా, గంగమ్మ తల్లికి ఇచ్చాననుకుంటా" అంది గానీ కొడుకు మొహంలో నమ్మకం లేదు, నేనే జేబులో వేసుకున్నానేమో అని కూడా అనుకుని ఉంటాడు. గొలుసుతో పాటు పోయిన లాకెట్ బరువైనదైతే లాకెట్ పట్టుకోవచ్చు, ఉత్త గొలుసుకి మాటివ్వకండి.

ఏ లోహమో అంచనాకి మెషీన్ ఒక నంబరు చూపిస్తుంది. అల్యూమినియం రేకు, టిన్ను మూత తీసే రింగు, ఉంగరం, అన్నీ స్క్రీన్ మీద దగ్గర దగ్గర నంబర్లే చూపిస్తాయి. రేకు వద్దని ఆ నంబర్లకి కూయకుండా కట్ చేస్తే బంగారం కూడా కట్ అయినట్టే. ఇనుము ఒక్కటే ఆపండి, అందులోనూ మన దేశంలో ఒక తిరకాసు ఉంది, ఇప్పటి రూపాయి, రెండు రూపాయల బిళ్లలు అయస్కాంతానికి అంటుకునే స్టీలు, ఇనుము ఆపితే అవి చాలావరకు పోతాయి. నాకు చింత లేదు, వాటితో టీ కూడా రాదు.

సెట్టింగులు ఎక్కువ కెలకను. ఈక్వినాక్స్‌లో తడి ఇసుకకి బీచ్ 1 అనే మోడ్, నీళ్లలోకి దిగాక బీచ్ 2, ఈ రెండోదాంట్లో పంపే పవరే తక్కువ కాబట్టి ఉప్పు గోల తగ్గుతుంది. సెన్సిటివిటీ 25 దాకా ఉంది కదా అని చివరి దాకా తిప్పేవాళ్లని చూశా, నేను 18, 19 దాటను. కాయిల్ వైరు రాడ్డుకి గట్టిగా చుట్టుకోండి, వదులుగా ఊగితే దానికీ కూస్తుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ మునిగితే పనిచెయ్యవు, ఆ రేడియో తరంగాలు నీళ్లలో అంగుళాల్లోనే చచ్చిపోతాయి, నీళ్లకి వైరున్న వాటర్‌ప్రూఫ్‌వే కొనాలి.

స్కూప్ మాత్రం గిండీ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక వెల్డింగ్ షాపులో చేయించుకున్నా, పొడుగు కర్ర, 10 మిల్లీమీటర్ల చిల్లులు. 304 స్టీలు వద్దు 316 కావాలని చెప్పండి, ఉప్పుకి 304 మచ్చలు పడుతుంది. మెషీన్‌కి పోసినంతా పోసి స్కూప్ దగ్గర పిసినారితనం చేసినవాళ్లు నీళ్లలో ఏమీ తియ్యలేరు.

జాగ్రత్తలు రెండు మూడు. ఛాతీ దాటి పోవద్దు, ఒంటరిగా పోవద్దు. బెసంట్ నగర్‌లో ఫొటోలు దిగే ఆ తెల్ల కట్టడం కార్ల్ ష్మిత్ స్మారకం, 1930లో మునిగిపోతున్నవాళ్లని కాపాడబోయి పోయినాయన, ఆ నీళ్లు ఇప్పటికీ అవే నీళ్లు. జనవరి నుంచి తాబేళ్లు గుడ్లు పెట్టే సీజన్, అప్పుడు రాత్రిళ్లు పోవద్దు, పొడి ఇసుక తవ్వొద్దు. మహాబలిపురం గుడి వైపు మెషీన్ పట్టుకుని అడుగే పెట్టొద్దు, అది రక్షిత కట్టడం. పాతకాలం నాటిది ఏదైనా తగిలితే 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటినా కలెక్టర్‌కి చెప్పాల్సిందే. జాలర్లతో మంచిగా ఉండండి, మొదట్లో "ఎన్న సార్, తంగమా?" (ఏంటి సార్, బంగారమా) అని నవ్వేవాళ్లు, ఇప్పుడు ఏ గాలికి ఇసుక ఎటు కోసుకుపోయిందో వాళ్లే చెప్తారు. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను వెళ్లిన వారం నాకు దొరికిన రెండు ఉంగరాలూ అలా వాళ్లు చూపించిన చోటే.

ఇంటికి రాగానే మంచినీళ్ల బకెట్లో పది నిమిషాలు ముంచి, రాడ్డు జాయింట్లు విప్పి కడిగి, నీడలో ఆరబెడతా, అందుకేనేమో ఆరేళ్లైనా మెషీన్ నన్ను ఏడిపించలేదు. ఆ 15 అంగుళాలది అటక మీదుంది. మొన్న ఎండాకాలం మా ఆవిడ కిందకి దింపి చూసి, "మధ్యలో కన్నాలున్నాయి గానీ లేకపోతే వడియాలు పెట్టుకునేదాన్ని" అని మళ్లీ పైన పెట్టేసింది.