స్టేటెన్ ఐలాండ్ ఫెర్రీ: న్యూయార్క్ చూడ్డానికొచ్చిన ఫ్రెండ్స్‌ని మొదట ఎక్కించాల్సిన పడవ

జెర్సీ సిటీలోనో బ్రూక్లిన్‌లోనో ఉండి ఎమ్మెస్ చదివేవాళ్ల దగ్గరికి లాంగ్ వీకెండ్ రాగానే డాలస్ నుంచో చికాగో నుంచో ఫ్రెండ్స్ దిగుతారు. దిగీదిగగానే అడిగేది స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ గురించే. చేతిలో రెండు రోజులుంటాయి, జేబులో స్టూడెంట్ బడ్జెట్ ఉంటుంది. అలాంటప్పుడు మొదటి పూటకి స్టేటెన్ ఐలాండ్ ఫెర్రీని మించింది న్యూయార్క్‌లో లేదు. విగ్రహం, మాన్‌హట్టన్ మేడల వరస, బ్రూక్లిన్ వంతెన, సముద్రగాలి అన్నీ ఒక్క ప్రయాణంలో వచ్చేస్తాయి. ఖర్చు సున్నా.

ఇది టూరిస్టు బోటు కాదు. న్యూయార్క్ నగరంలోనే భాగమైన స్టేటెన్ ఐలాండ్ దీవి జనం మాన్‌హట్టన్ ఆఫీసులకి వెళ్లొచ్చే పడవ. 1905 నుంచి నగరపాలక సంస్థే నడుపుతోంది. టికెట్ 50 సెంట్లు ఉండేది, 1997లో అదీ తీసేశారు. దూరం 5.2 మైళ్లు, పట్టే సమయం 25 నిమిషాలు. రాత్రీపగలూ, ఏడాది పొడవునా అరగంటకొకటి బయల్దేరుతుంది. పని రోజుల్లో ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో ఇంకా దగ్గర దగ్గరగా ఉంటాయి.

ఎక్కేది మాన్‌హట్టన్ దక్షిణ కొసన ఉన్న వైట్‌హాల్ టెర్మినల్‌లో. సబ్‌వేలో 1 నంబరు రైలు చివరి స్టేషన్ సౌత్ ఫెర్రీలో దిగితే టెర్మినల్ పక్కనే. ఆర్ రైలైతే వైట్‌హాల్ స్ట్రీట్, 4, 5 రైళ్లయితే బౌలింగ్ గ్రీన్. వైట్‌హాల్ స్ట్రీట్‌కే వచ్చే డబ్ల్యూ రైలు శని, ఆదివారాల్లో తిరగదు, దాని కోసం ప్లాట్‌ఫాం మీద నిలబడిపోవద్దు. జెర్సీ సిటీలోని జర్నల్ స్క్వేర్ వైపు నుంచి వచ్చేవాళ్లు న్యూజెర్సీకీ మాన్‌హట్టన్‌కీ మధ్య తిరిగే పాత్ రైలెక్కి వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో దిగి నడవడమే మంచిది. బ్రాడ్‌వే మీదుగా ట్రినిటీ చర్చి, వాల్ స్ట్రీట్ మొగ, కంచు ఎద్దు విగ్రహం చూసుకుంటూ పావుగంట, ఇరవై నిమిషాల్లో వచ్చేస్తారు. పాత్‌కీ సబ్‌వేకీ ఛార్జీలు వేరు, ఒకటి కడితే రెండోది కలవదు.

సబ్‌వే ఛార్జీ 2026 జనవరి నుంచి 3 డాలర్లు. పాత మెట్రోకార్డ్ అమ్మకం ఆగిపోయింది, ట్యాప్ చేసే బ్యాంకు కార్డు గానీ ఫోన్ గానీ, స్టేషన్లో అమ్మే ఓమ్నీ కార్డు గానీ ఉండాలి. ఇండియా నుంచి నేరుగా వచ్చినవాళ్లు బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేసుకోకపోతే గేటు దగ్గరే ఆగిపోతారు. మీ కార్డుతోనే అందరికీ ట్యాప్ చేయొచ్చు. కానీ వారంలో కొంత మొత్తం దాటాక వచ్చే ఉచిత ప్రయాణాల లెక్క అందరికీ కలిసిరాదు. ఎవరి కార్డు వాళ్లు, అదీ ప్రతిసారీ అదే కార్డు వాడటం నయం. ఒకే ఖాతా అయినా ఫోన్‌తో ఒకసారి, ప్లాస్టిక్ కార్డుతో ఒకసారి ట్యాప్ చేస్తే రెండు వేర్వేరు లెక్కలవుతాయి.

టెర్మినల్‌కి వచ్చే దారిలో, ముఖ్యంగా బ్యాటరీ పార్క్ చుట్టూ, మెడలో బ్యాడ్జీ వేసుకుని, రంగు కోట్లు తొడుక్కుని "స్టాచ్యూ టికెట్, ఫెర్రీ టికెట్" అంటూ వెంటపడేవాళ్లుంటారు. ఈ ఫెర్రీకి టికెట్టే లేదు, లోపల గేటూ లేదు. ఎవరు అమ్మినా అది మోసమో, ఇంకేదో ప్రైవేటు బోటు టికెట్టో. విగ్రహం ఉన్న దీవిలో దిగాలంటే ఒక్క స్టాచ్యూ సిటీ క్రూజెస్ బోట్లకే అనుమతి. వాటి టికెట్ ఆన్‌లైన్‌లోనో, పార్కులోని కాజిల్ క్లింటన్ కౌంటర్లోనో కొనాలి.

ఇక పడవలో ఎక్కడ నిలబడాలన్నది. స్టేటెన్ ఐలాండ్‌కి వెళ్లేటప్పుడు విగ్రహం కుడివైపు, తిరిగొచ్చేటప్పుడు ఎడమవైపు. ఈ సంగతి చాలామందికి తెలుసు, అందుకే తలుపులు తెరుచుకోగానే అందరూ కుడి రెయిలింగ్‌కి పరుగెడతారు. ఫ్రెండ్స్‌లో ఒకరిద్దర్ని కుడివైపు చోటు పట్టమని పంపి, మిగతావాళ్లని వెనక కొసకి తీసుకెళ్లండి. మొదటి అయిదు నిమిషాలు అసలు అందం అక్కడే. మాన్‌హట్టన్ మేడలన్నీ కళ్లముందే వెనక్కి జరుగుతాయి, ఒక పక్కన బ్రూక్లిన్ వంతెన తేలుతుంది, గవర్నర్స్ ఐలాండ్ దాటిపోతుంది. కొన్నిసార్లు కోస్ట్ గార్డ్ చిన్న పడవ ఒకటి ముందు తుపాకీ బిగించుకుని పక్కనే నురగ లేపుకుంటూ వస్తుంది, భయపడక్కర్లేదు, అది కాపలా. తర్వాత కుడివైపుకి మారండి. బయల్దేరిన పది నిమిషాలకి కాస్త అటూ ఇటూగా విగ్రహం ఎదురుగా వస్తుంది. చివర్లో ఎడమపక్క దూరంగా వెరజానో వంతెన సన్నటి గీతలా కనిపిస్తుంది.

అన్ని పడవలూ ఒకటి కావు. 2022 నుంచి వచ్చిన ఓలిస్ తరగతి పడవల్లో పై అంతస్తు చుట్టూ బయట నడిచే వసారా ఉంటుంది. మైకేల్ ఓలిస్, శాండీ గ్రౌండ్, డొరతీ డే అన్న పేర్లు పడవ మీదే రాసుంటాయి. ఓలిస్ అనే ఆయన అఫ్గానిస్తాన్‌లో చనిపోయిన స్టేటెన్ ఐలాండ్ సైనికుడు. పాత పడవల్లో బయట నిలబడే చోటు తక్కువ, అద్దం వెనక నుంచి ఫోటో తీస్తే ఫోన్ నీడే పడుతుంది. తొందర లేకపోతే పాత పడవని వదిలేసి తర్వాతి దానికి ఆగడం దండగ కాదు.

ఒక్కమాట ముందే చెప్పి తీసుకెళ్లండి: విగ్రహం పెద్దగా కనిపించదు. నేల నుంచి కాగడా కొన దాకా 305 అడుగులున్నా, ఆ దూరం నుంచి చెయ్యి చాపి చూస్తే బొటనవేలంతే. ఫోన్‌లో జూమ్ చేయక తప్పదు. ఈ మాట చెప్పకపోతే "ఇంతేనా" అంటారు. పాదాల దగ్గర నిలబడాలి, కిరీటం ఎక్కాలి అనుకునేవాళ్లకి ఈ ఫెర్రీ సరిపోదు. కిరీటం టికెట్లు చాలా ముందే అయిపోతాయి కాబట్టి వస్తున్నామని ఫోన్ చేసినరోజే బుక్ చేయాలి.

వెలుతురు సంగతి. విగ్రహం ముఖం ఆగ్నేయానికి. ఉదయం వెళ్తే ఎండ ముఖం మీద పడి ఆకుపచ్చ రంగు తేటగా వస్తుంది. సాయంత్రం సూర్యుడు దాని వెనక దిగుతాడు కనక నల్లటి ఆకారమే మిగులుతుంది. కానీ తిరుగు ప్రయాణంలో మేడల దీపాలు ఒక్కొక్కటీ వెలగడం చూస్తారు. ఒక్కసారే కుదిరితే మా ఓటు సూర్యాస్తమయానికి అరగంట ముందు పడవకే. అయితే పని రోజుల్లో సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా ఇంటికెళ్లే ఉద్యోగులతో కిటకిటలాడుతుంది. ఆ వేళ గుంపుగా తలుపుల దగ్గర ఆగి సెల్ఫీలు దిగితే వాళ్లకి ఇబ్బంది. శని, ఆదివారాలు పెట్టుకోండి.

స్టేటెన్ ఐలాండ్ ఒడ్డున ఉన్న సెయింట్ జార్జ్ టెర్మినల్లో అందరూ దిగాల్సిందే, సీట్లో కూర్చుని అదే పడవలో తిరిగొస్తామంటే ఒప్పుకోరు. దిగి, హాల్లోంచి చుట్టూ తిరిగొచ్చి మళ్లీ ఎక్కాలి. పదింటికి బయల్దేరిన పడవ పదీ ఇరవై అయిదుకి చేరి పదిన్నరకే వెనక్కి తిరుగుతుంది, చురుగ్గా నడిస్తేనే అందుతుంది. అమ్మానాన్నల్లాంటి పెద్దవాళ్లు వెంట ఉంటే ఆ పడవని వదిలేసి ఇంకో అరగంట ఆగండి. తొందరేమీ లేకపోతే బే స్ట్రీట్, విక్టరీ బులెవార్డ్ వైపు వెళ్లండి. అక్కడ శ్రీలంక వాళ్ల హోటళ్లున్నాయి. అప్పం, కొబ్బరి సంబల్, ఘాటైన కూరలు మన నాలుకకి బాగా కుదురుతాయి. లేదా ఇంటి నుంచే పులిహోర డబ్బా తెచ్చుకోండి, పడవలో తింటే ఎవరూ అడ్డు చెప్పరు.

చలికాలంలో నీటి మీద గాలి ఊళ్లో కంటే కోసేస్తుంది. ఇండియా నుంచి వచ్చినవాళ్లకి టోపీ, గ్లౌజులు మీరే తీసివ్వండి, లేకపోతే రెండు నిమిషాలకే లోపలికి పారిపోయి విగ్రహం వచ్చేసరికి కిటికీ అద్దం తుడుచుకుంటూ ఉంటారు. ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా సూట్‌కేసులతో తేవద్దు. టెర్మినల్లో కుక్కలతో తనిఖీలు ఉంటాయి, పెట్టెలు లాక్కుంటూ రెయిలింగ్ దగ్గర నిలబడటం కుదరదు. ఒడ్డుకి చేరేటప్పుడు పడవ చెక్క స్తంభాలకి రాసుకుంటూ పెద్దగా మూలుగుతుంది, ఒక్క కుదుపు కూడా ఉంటుంది. పడవ పూర్తిగా ఆగేదాకా మెట్ల మీద ఎవర్నీ నిలబడనివ్వకండి.